చావడి నుండి కన్వర్షన్ వరకు: నంది కొండ చుట్టూ బాటసారుల బస

సాదలి, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల తెలుగులో ప్రయాణికుడు రాత్రి తలదాచుకునే చోటుకు పేర్లు చాలా ఉన్నాయి. చావడి, సత్రం, విడిది, బంగళా, లాడ్జి అన్నవి పాతవి కాగా, రిసార్టు, హోంస్టే అన్నవి నిన్న మొన్న చేరినవి. ఇవి వేర్వేరు కాలాల్లో వాడుకకు వచ్చిన మాటలు. బస ఎక్కడ వెలయాలో నిర్ణయించే అధికారం ఒక్కో కాలంలో ఒక్కొక్కరి చేతిలో ఉండేది. ఆ అధికారం చేతులు మారిన తీరును ఈ వ్యాసంలో స్థూలంగా పరిశీలిస్తున్నాము.

ముందుగా చావడి. ఊరి లెక్కలు, తగవులు, పన్నుల వసూళ్లు జరిగే చోటే పొరుగూరివాడు పడుకునే చోటు కూడా. ఇంగ్లీషువారి ‘చౌల్ట్రీ’ ఈ మాట నుండి పుట్టిందేనని హాబ్సన్-జాబ్సన్ నిఘంటుకారులు చెప్పారు. మద్రాసులో కంపెనీవారి తొలి న్యాయస్థానాన్ని చౌల్ట్రీ కోర్టు అన్నారంటే ఈ రెండు పనుల పొత్తు ఎంత గట్టిదో తెలుస్తుంది. కొత్తవాడు ఊరి కళ్లెదుటే పడుకోవాలన్నది రాయని నియమం. బెంగళూరులో నేడు చౌల్ట్రీ అంటే పెళ్లిమండపం. బాటసారి ఆ మాటలోంచి ఎప్పుడో వెళ్లిపోయాడు.

సత్రం సంగతి వేరు. సంస్కృతంలో సత్త్రమంటే దీర్ఘకాలం సాగే యజ్ఞం. అన్నదానం ద్వారా అది బసకు పేరైంది. సత్రం ఎక్కడ కట్టాలో దాత సంకల్పమే నిర్ణయించేది. అయినా ఆ సంకల్పానికి బాట, నీరు అనే రెండు హద్దులు ఉండేవి. చెరువో బావో లేనిచోట సత్రం నిలవదు. ఈ వ్యవస్థను మరీ పొగడనక్కరలేదు. ఎవరికి లోపల వంట, ఎవరికి బయటి అరుగు అన్నది కులాన్ని బట్టి తేలేది. మైసూరు సంస్థానంలో ఇలాంటి సత్రాలు ముజరాయి శాఖ పర్యవేక్షణకు వచ్చాయి. 1927 నాటి ధర్మసంస్థల చట్టం ఆ పర్యవేక్షణకు శాసనరూపమిచ్చింది.

బ్రిటిష్ ఇండియాలో 1867 నాటి సరాయి చట్టం మరో దారి పట్టింది. సరాయిని నమోదు చేయించాలి, గదులూ కాలువలూ శుభ్రంగా ఉంచాలి, అంటురోగి దిగితే తెలపాలి, కావలివాణ్ణి పెట్టాలి, అద్దెల పట్టిక కనబడేట్టు ఉంచాలి. ఇన్ని చెప్పిన చట్టం సరాయి ఎక్కడ ఉండకూడదో చెప్పలేదు. ఏ పనికి ఏ నేల అని ముందే గీత గీసే పద్ధతి ఐరోపా, అమెరికా నగరాల్లో బలపడింది. మన దేశంలో దానికి 1915 నాటి బొంబాయి పట్టణ ప్రణాళికా చట్టం నాంది.

నంది కొండపై మాత్రం గీత గీయవలసిన అవసరమే రాలేదు. 1478 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరం మొత్తం సర్కారుదే. 1791లో కారన్‌వాలిస్ సేన దుర్గాన్ని పట్టుకున్నాక, కమిషనరు మార్క్ కబ్బన్ నాటికి అది దొరల వేసవి విడిది అయింది. 1927లో జబ్బుపడ్డ గాంధీజీ కోలుకోవడానికి అక్కడే ఉన్నారు; 1936లో మళ్లీ వచ్చారు. 1986లో సార్క్ దేశాధినేతలు అక్కడ సమావేశమయ్యారు. దశాబ్దాలపాటు ఉద్యానశాఖ చేతిలో ఉన్న ఆ కొండపై ఎన్ని గదులు ఉండాలన్నది ఒక్క కార్యాలయం తేల్చుకోగలిగిన విషయం. యాజమాన్యమే అక్కడ జోనింగు.

కొండ దిగితే కథ మారుతుంది. దిగువన ఉన్నది రైతుల పట్టాభూమి. 1961 నాటి కర్ణాటక పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం కింద ప్రకటించిన ప్రణాళికా ప్రాంతాల్లో మాస్టర్ ప్లాను ఉంటుంది. ఆ హద్దు దాటితే ముఖ్యమైన గడప 1964 నాటి భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షను: సాగుభూమిని మరో పనికి వాడాలంటే డి.సి. అనుమతి కావాలి. ‘కన్వర్షన్ అయిందా?’ అన్న ప్రశ్న ఈ ప్రాంతపు తెలుగులో ఇప్పుడు అచ్చ తెలుగు పదబంధమంత సహజంగా వినిపిస్తుంది. 2007లో చిక్కబళ్లాపురం జిల్లా అయింది; 2008లో దేవనహళ్లిలో విమానాశ్రయం తెరిచారు. వ్యవసాయేతరులు సాగుభూమి కొనకుండా అడ్డుపడ్డ భూసంస్కరణల చట్టంలోని 79ఎ, 79బి సెక్షన్లను 2020లో తొలగించారు. ఈ మూడూ కలిసి రిసార్టుకు దారి వెడల్పు చేశాయి. హోంస్టే మాత్రం కొంత మేలు. యజమాని అదే ఇంట్లో కాపురం ఉండాలని, ఆరు గదులు మించరాదని కేంద్ర పర్యాటకశాఖ పథకం నియమం. మన పాత విడిది మర్యాద అందులో కొంతైనా మిగిలి ఉంది.

ఇక ముఖ్యమైన సంగతి. నంది కొండల దక్షిణపు వాలున పుట్టే అర్కావతి తిప్పగొండనహళ్లి జలాశయానికి చేరుతుంది. అది బెంగళూరు తాగునీటి కోసం కట్టినది. 2003 నవంబరులో కర్ణాటక ప్రభుత్వం ఆ పరీవాహక ప్రాంతాన్ని నాలుగు మండలాలుగా విడదీసి, నదీతీరానికీ జలాశయానికీ ఎంత దూరంలో ఏ కట్టడాలు, ఏ పరిశ్రమలు ఉండవచ్చో నిర్దేశించింది. 2019లో ఆ దూరాలను తగ్గించింది. సడలింపును మేము సమర్థించలేము. కాని సడలించడానికైనా అక్కడ ఒక నియమం ఉంది. అదే కొండల వరుసలో పుట్టి గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు సాగే పెన్నకు గాని, బాగేపల్లి దాటి పుట్టపర్తికి వచ్చే చిత్రావతికి గాని ఆ ఉత్తర్వు వర్తించదు. నీరు ఏ నగరానికి పోతుందన్నదాన్ని బట్టి నేలకు గీత పడింది. కొండ ఒక్కటే, వర్షం ఒక్కటే.

2021 ఆగస్టులో కొండచరియ విరిగి నంది దారి తెగినప్పుడు ఆ వాలు ఎంత పెళుసో లోకమంతా చూసింది. 2025 జులై 2న రాష్ట్ర మంత్రివర్గం ఆ కొండ మీదే సమావేశమై, బాగేపల్లిని భాగ్యనగరగా మార్చాలని నిర్ణయించింది. పేరులోని తెలుగు ‘పల్లి’ పోవడం భాషాశాస్త్ర విద్యార్థులుగా మాకు కొంత బాధే. అయితే ఆ ఊరిని ఆనుకుని పారే చిత్రావతికి అంతకంటె తొందరగా కావలసింది 2003 నాటి ఉత్తర్వు వంటి ఒక పటం: ఏటి గట్టు నుండి ఎన్ని గజాల వరకు బస కట్టడం వెలయరాదో, ఎన్ని గదులకు ఎంత బోరు నీరు తోడవచ్చో చెప్పే పటం. జిల్లా ప్రణాళికా యంత్రాంగం ఆ పని చేపడితే, సర్వే నంబర్ల పక్కన పాత సత్రాల బావులను, కుంటలను కూడా గుర్తించాలి. వాటి పేర్లు ఈ ప్రాంతపు తెలుగు వృద్ధుల నోట ఇంకా ఉన్నాయి.