బూడిద నేర్పిన పాఠం

మా హుస్నాబాద్ వైపు పాత ఇళ్లలో తెల్లవారగానే పొయ్యిలో బూడిద ఎత్తి, పెండ, ఎర్రమట్టి కలిపి అలికి, ముగ్గేశాకే నిప్పు రాజేసేవారు. ఆ బూడిదతోనే మసిగిన్నెలు తోమేవారు. కట్టెల బూడిదలో క్షారం ఉంటుంది. అది జిడ్డును విరుస్తుంది. పేరు తెలియకపోయినా ఆ గుణం మన అమ్మమ్మలకు తెలుసు. కాకపోతే ఆ పొగకు వాళ్ల కళ్లు, ఊపిరితిత్తులు బలయ్యాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకాలు వచ్చి గ్యాసు పొయ్యిలు బీద ఇళ్లకూ చేరాయి. పొగ తగ్గింది, బూడిదా పోయింది.

ఇప్పుడు ఓవెన్ మాడుకు అమ్మే ఘాటు మందుల్లో చాలావాటిలో ఉండేదీ క్షారమే, కాస్టిక్ సోడా. అది చేతులను కాలుస్తుంది. వంటసోడా మెత్తని క్షారం. ప్లగ్గు తీసి, ఓవెన్ చల్లారాక, సోడాను నీళ్లతో ముద్దచేసి, కడ్డీలకు అంటకుండా మాడుమీద పూయండి. రాత్రంతా ఉంచి తడిగుడ్డతో తుడవండి. పొయ్యి మారినా, పాత తెలివి మనతోనే ఉందమ్మా! సెలవు.