వెనిస్ గోడల మీది మాట

నేను పుట్టి పెరిగింది మదరాసులో. జార్జిటౌనులో మింటు వీధికి నాలుగు సందుల అవతల మా ఇల్లు. మా ముత్తాత నెల్లూరు సీమ నుంచి బకింగ్‌హాం కాలువ మీద పడవలో వచ్చి ఇక్కడ దిగాడని ఇంట్లో చెప్పుకునేవారు. 1877-78 కరువు రోజుల్లో కూలీల చేత కూవం, అడయారు నదులను కలిపించి పూర్తి చేసిన కాలువ అది. కృష్ణా, గుంటూరు, నెల్లూరుల నుంచి బియ్యం, కట్టెలు, ఉప్పు దాని మీదుగానే పట్నానికి చేరేవి. ఆ సరుకుతోపాటే తెలుగు మాటా చేరింది. నాకు ఊహ తెలిసేసరికి పడవలు పోయి బురద మిగిలింది. తర్వాత ఆ బురదలోనే రైలు వంతెన స్తంభాలు లేచాయి. కాలువలున్న ఊరు అంటే ఇప్పటికీ నాకు ముందు ముక్కు మూసుకోవాలనిపిస్తుంది.

అలాంటివాణ్ణి 2024 మే నెలలో వెనిస్ చూశాను. మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా ఇటలీలో పాదువాలో ఉంటారు. అక్కడి నుంచి వెనిస్‌కు రైల్లో అరగంట ప్రయాణం. ఒక శనివారం మా అమ్మాయి, ఎనిమిదేళ్ళ మనవరాలు, నేను బయలుదేరాము. బయలుదేరే ముందు నా పేరిట ఐదు యూరోలు కట్టవలసి వచ్చింది. రైలు టికెట్టు వేరు, ఇది ఊళ్ళో అడుగు పెట్టడానికి. ఆ ఏడాదే ఏప్రిల్ 25 నుంచి ఈ పద్ధతి పెట్టారు. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవారి మీద, రద్దీగా ఉండే 29 రోజులకు ఈ రుసుము. 2025లో ఆ రోజుల్ని 54కు పెంచి, ఆలస్యంగా కట్టేవారికి 10 యూరోలు చేశారు. ఆ ప్రాంతంలోనే కాపురం గనుక మా అమ్మాయికి మినహాయింపు, చిన్నది గనుక మనవరాలికి మినహాయింపు. “గుడికి ప్రత్యేక దర్శనం టికెట్టు ఉన్నట్టు ఊరికి టికెట్టా!” అన్నాను. “చూశాక మీరే అంటారు నాన్నా, ఇది చాలదని” అంది మా అమ్మాయి.

రైలు నేలను వదిలి నీళ్ళ మీదికి వెళ్ళింది. ఆస్ట్రియా పాలనలో 1846లో కట్టిన వంతెన అది, 222 కమానులు. అంతకు ముందు వెయ్యేళ్ళకు పైగా ఆ ఊరికి పడవ తప్ప వేరే దారి లేదు. శత్రువు గుర్రం దిగి ఈదుకుంటూ రావలసిందే. అసలా ఊరు పుట్టిందే అందుకు. ఐదారు శతాబ్దాల్లో హూణులు, లొంబార్డులు ఉత్తరాది నుంచి విరుచుకుపడితే ఒడ్డున ఉన్న జనం ప్రాణాలు అరచేత పట్టుకుని ఉప్పుటేటి లంకల్లో తలదాచుకున్నారు. వందకు పైగా లంకలు. బురదలోకి కొయ్య దుంగలు దిగ్గొట్టి, వాటి మీద రాయి పరిచి ఇళ్ళు లేపారు. గాలి సోకని బురదలో కొయ్య కుళ్ళదు. తాగడానికి చుట్టూ ఉప్పునీళ్ళే గనుక ప్రతి ముంగిట్లో నేలకింద తొట్టి కట్టి, ఇసుక నింపి, వాన నీటిని వడగట్టుకునేవారు. గొట్టాల నీళ్ళు వచ్చింది 1884లో. 2003లో మా రాష్ట్రంలో ప్రతి ఇంటికీ వాన నీటి గుంత తప్పనిసరి చేసినప్పుడు మేము పడ్డ హైరానా గుర్తొచ్చి నవ్వుకున్నాను.

స్టేషను దిగగానే ఆ నవ్వు పోయింది. మదరాసువారికి రద్దీ కొత్త కాదు. దీపావళికి ముందు టి.నగర్ రంగనాథన్ వీధిలో నడిచినవాడు ఎక్కడైనా నడవగలడు. కానీ రంగనాథన్ వీధిలో జనానికి ఒక పని ఉంటుంది, కొనుక్కుని పోతారు. ఇక్కడ వేలమంది ఏ పనీ లేకుండా, తలలెత్తి, ఒకరి వీపు ఒకరు తోసుకుంటూ రియాల్టో వంతెన వైపు జరుగుతున్నారు. 1591లో పూర్తయిన ఆ రాతి వంతెన ఎక్కడానికి మాకు పావుగంట పట్టింది. ఎక్కాక కాలువ కన్నా ముందు వాళ్ళ వీపులే కనిపించాయి. ఆ తోసేవాళ్ళలో నేనూ ఒకణ్ణని తెలియక కాదు.

వంతెన దిగాక ఒక మందుల షాపు కిటికీలో చిన్న అంకెల పలక చూపించింది మా అమ్మాయి. నేను గడియారం అనుకున్నాను. గడియారం కాదు, వెనిస్ పాత ఊళ్ళో నివసించేవారి సంఖ్య. ఎవరైనా పోయినా, ఊరు విడిచినా అంకె తగ్గుతుంది. 1951లో అక్కడ ఉండేవారు 1,74,000 పైచిలుకు. 2022లో 50,000కు దిగువకు పడిపోయారు. 2023 నాటికి యాత్రికుల కోసం వేసిన మంచాల లెక్క ఊరివారి లెక్కను దాటింది.

దీనికి కారణం ఒక్కటి కాదు. ఒడ్డున మర్‌గేరాలో ఫ్యాక్టరీలు వచ్చి జీతాలు అటు లాగాయి. 1966 నవంబరు 4న సముద్రం 194 సెంటీమీటర్లు పొంగి కింది అంతస్తుల కాపురాలన్నీ ముంచేసింది. తడిసిన ఇల్లు బాగుచేసుకునే కంటే ఒడ్డున మెస్త్రేలో కొత్త ఇల్లు, కారు నిలుపుకునే చోటు సులువనిపించింది. ఆ తర్వాత ఇళ్ళు యాత్రికులకు అద్దెకివ్వడం కాపురం ఉండటం కంటే లాభమైంది. బట్టల కొట్టు, చెప్పులు కుట్టే కొట్టు పోయి ముఖానికి తొడుక్కునే బొమ్మల కొట్లు వచ్చాయి. 2020 అక్టోబరు నుంచి సముద్రాన్ని ఆపే ఇనుప తలుపులు పనిచేస్తున్నాయి. 2021లో పెద్ద ఓడల్ని ఊరి నడి కాలువలోకి రానివ్వడం మానారు. నీళ్ళను ఆపే ఉపాయం దొరికింది గాని, ఊరివాళ్ళు వెళ్ళిపోకుండా ఆపే ఉపాయం ఇంకా దొరకలేదు.

మా మనవరాలు అక్కడి బడిలో చదువుతోంది. గోడల మీద తెల్ల సున్నం పూసి నల్ల అక్షరాలతో వీధుల పేర్లు రాసి ఉంటాయి. వాటిని ‘నిత్సియొలేతో’ అంటారు, అంటే చిన్న దుప్పటి. ఒక కమాను దారి ముందు ఆగి ఆ పిల్ల, “తాతా, ఇక్కడ తప్పు రాశారు. సొత్తోపోర్తికో అని కదా రాయాలి, సొతోపోర్తెగో అని రాశారు. ఒత్తు మరిచిపోయారు” అంది. పాదువాలో నేను దానికి రోజూ సాయంత్రం తెలుగు అక్షరాలు దిద్దిస్తున్నాను గనుక ఒత్తు అన్న మాట దాని నోట అలా వచ్చింది.

తప్పు కాదు. వెనిస్ మాటలో ఒత్తులు ఉండవు. అది ఇటాలియన్ చెడిపోయి పుట్టిన మాటా కాదు, లాటిన్ నుంచి తన దారిన తాను వచ్చిన మాట. వెయ్యేళ్ళు నడిచిన ఒక గణరాజ్యపు కచేరీల్లోనూ, ఓడరేవుల్లోనూ, నాటకశాలల్లోనూ వినిపించిన మాట. 1797 మే 12న నెపోలియన్ ధాటికి ఆ రాజ్యం అంతరించింది. 1866లో ఇటలీలో కలిసింది. అక్కడినుంచి బడిలో, కొలువులో ఇటాలియన్ వచ్చి, వెనిస్ మాట ఇంటి మాటైంది. 1999లో ఇటలీ ప్రభుత్వం పన్నెండు అల్పసంఖ్యాక భాషలకు రక్షణ ఇస్తూ చట్టం చేసింది. ఆ జాబితాలో దీనికి చోటు దక్కలేదు. ప్రపంచమంతా వాడే ‘చావ్’ అన్న పలకరింపు మాత్రం వీళ్ళదే. ‘మీ దాసుణ్ణి’ అని దాని అసలు అర్థం.

మనవరాలి మాట విన్నప్పుడు నాకు మా పెళ్ళిళ్ళు గుర్తొచ్చాయి. గుంటూరు వైపు చుట్టాలు వస్తే మా అమ్మ “బాగుండారా? ఎప్పుడొచ్చినారు?” అని అడిగేది. వాళ్ళ పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. అమ్మ తర్వాత్తర్వాత వాళ్ళ ముందు తక్కువ మాట్లాడటం అలవాటు చేసుకుంది. ఆమె తప్పు మాట్లాడిందని నేనూ చాలా ఏళ్ళు అనుకున్నాను. కాలేజీ రోజుల్లో ఒకసారి దిద్దాను కూడా. ఇప్పుడు ఆమె లేదు. ఒక పరాయి ఊరి గోడ ముందు నిలబడి, “అది తప్పు కాదమ్మా, వీళ్ళ మాట అంతే” అని మనవరాలికి చెబుతుంటే, ఆ మాట చెప్పవలసిన మనిషికి చెప్పలేదే అనిపించింది.

అక్కడికి దగ్గరలోనే ‘మిలియోనె’ అనే ముంగిలి ఉంది. మార్కో పోలో కుటుంబం ఇల్లు ఆ చోటనే ఉండేదంటారు. ఇల్లు ఎప్పుడో కాలిపోయింది, పాత రాతి కమాను ఒకటి మిగిలింది. ఆయన చనిపోయి 2024 జనవరికి సరిగ్గా 700 ఏళ్ళు. మోటుపల్లి గురించి రాసినవాడు గనుక తెలుగువారికి ఆయన చుట్టం లాంటివాడే. వజ్రాలను, సాలెగూడంత సన్నటి బట్టలను, నలభై ఏళ్ళు న్యాయంగా ఏలిన రాణిని ఆయన పొగిడాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. రాజుగారి విధవ అని ఆయన రాసింది పొరపాటు. ఆమె గణపతిదేవుని కూతురు. వెనిస్ వర్తకుడు ఆ నాటికి మోటుపల్లి దాకా రావడంలో వింత లేదు. 1244లోనే గణపతిదేవుడు అక్కడ సముద్ర వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. ఇంకొక విశేషం చెప్పాలి. మార్కో పోలో తన కథ జెనోవా చెరసాలలో చెబితే పీసా ఊరి రుస్తికెల్లో రాసుకున్నాడు. రాసింది వెనిస్ మాటలో కాదు, ఫ్రెంచి కలిసిన భాషలో. వెనిస్ వాడి పుస్తకం మొదలే పరాయి భాషలో బతికిందన్నమాట.

మధ్యాహ్నం జనానికి దూరంగా, చిన్న ఓడలో సాన్ లాజరో లంకకు వెళ్ళాము. నన్ను వెనిస్ దాకా రప్పించింది నిజానికి ఈ లంకే. జార్జిటౌనులో నేను బడికి పోయే దారిలో అర్మేనియన్ వీధి ఉంది. అర్మేనియన్ అనే పేరు నోరు తిరగక జనం దాన్ని ‘అరణ్మనైక్కారన్ వీధి’ చేశారు. అక్కడి పాత చర్చి 1772లో మళ్ళీ కట్టింది. ఆ చర్చి పూజారి హరుత్యూన్ ష్మవోన్యాన్ 1794లో ‘అజ్దరార్’ అని ఒక పత్రిక పెట్టాడు. అర్మేనియన్ భాషలో లోకంలోకెల్లా మొట్టమొదటి పత్రిక అది. పుట్టింది అర్మేనియాలో కాదు, మదరాసులో. రెండేళ్ళు నిండకుండానే 1796లో ఆగిపోయింది. ఆయన సమాధి ఆ చర్చి ఆవరణలోనే ఉంది.

అర్మేనియన్ భాషలో మొదటి అచ్చు పుస్తకం వచ్చిందీ స్వదేశంలో కాదు, 1512లో వెనిస్‌లో. వెనిస్ ఆ కాలపు అచ్చు ఊరు. గ్రీకు, హీబ్రూ, అర్మేనియన్ అక్షరాలన్నీ అక్కడ పోతపోశారు. ఆ రాజ్యానిదంతా ఔదార్యమనుకోకూడదు. 1516లో యూదులను ఒక పేటలో ఉంచి రాత్రి తలుపులు మూసినదీ అదే రాజ్యం. ‘ఘెట్టో’ అన్న మాట ఆ పేట పేరే. అయినా పరాయి భాషవాడు తన అక్షరం అచ్చువేసుకుంటానంటే, సుంకం కట్టించుకుని, వేసుకోనిచ్చారు.

1717లో మెఖితార్ అనే సన్యాసి కొందరు శిష్యులతో ఈ లంకకు వచ్చాడు. ఒకప్పుడు కుష్ఠురోగులను ఉంచిన చోటు. అక్కడ మఠం కట్టి, నిఘంటువు తయారు చేసి, తర్వాతివారు అచ్చు యంత్రాలు పెట్టి పుస్తకాలు తీశారు. 1816లో ఆంగ్ల కవి బైరన్ ఇక్కడికి పడవలో వచ్చి అర్మేనియన్ నేర్చుకున్నాడు. 1843లో వాళ్ళు మొదలుపెట్టిన ‘బజ్మవేప్’ పత్రిక ఈనాటికీ వస్తోంది. మఠం వాళ్ళు వెనిస్‌లో 1836లో అర్మేనియన్ పిల్లలకు బడి తెరిచారు. దానికి డబ్బిచ్చింది ఎవరనుకున్నారు? రఫాయేల్, మూరత్ అనే మదరాసు అర్మేనియన్ వర్తకులు రాసిపోయిన ఆస్తి. మా జార్జిటౌను సంపాదన! ఆ బడి 1997లో మూతపడింది. అచ్చు యంత్రాలు 1991లో ఆగాయి. లంక మీద ఇప్పుడున్న సన్యాసులు కొద్దిమందే. పత్రిక మాత్రం నిలిచింది.

తిరుగు రైల్లో మనవరాలు నా ఒళ్ళో నిద్రపోయింది. నేను లెక్కలు వేసుకున్నాను. ఇంట్లో నోరు, గోడ మీద అక్షరం, అచ్చులో పుస్తకం – ఒక మాట నిలవడానికి ఈ మూడూ కావాలి. వెనిస్‌వారికి గోడ మీది అక్షరం మిగిలింది, దాన్ని చదివే ఇళ్ళు తగ్గుతున్నాయి. అర్మేనియన్లకు మదరాసులో ఇళ్ళు పోయాయి, వెనిస్ లంక మీద పుస్తకం మిగిలింది. మరి మన సంగతి?

మదరాసు కూడా తెలుగుకు అచ్చు ఊరే. బ్రౌన్ నిఘంటువు 1852లో ఇక్కడే అచ్చయింది. వావిళ్ళ వారు ఇక్కడివారే. 1924లో ‘భారతి’, 1947లో ‘చందమామ’ పుట్టింది ఇక్కడే. ఇళ్ళల్లో తెలుగు ఇంకా ఉంది, చదివేవారు తగ్గారు. జార్జిటౌనులో సత్రాల గుమ్మాల మీద, పాత కొట్ల నెత్తిన తెలుగు అక్షరాలు అక్కడక్కడ ఉన్నాయి. సున్నం వేసినప్పుడల్లా ఒకటి మాయమవుతోంది. వాటిని లెక్కపెట్టే కిటికీ మనకు లేదు.

తిరిగి వచ్చాక ఆదివారాలు నోటుపుస్తకం పట్టుకుని ఆ సందులు తిరుగుతున్నాను. కనిపించింది కనిపించినట్టు, వాళ్ళ స్పెల్లింగుతోనే రాసుకుంటున్నాను. హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపూర్, యానాం పాఠకులు తమ ఊళ్ళలో అలాంటివి చూస్తే రాసి పంపమని కోరుతున్నాను. ఒక్కటే మనవి: ఒత్తు లేకపోతే లేనట్టే రాయండి. దిద్దవద్దు.