మెయిల్ అడ్రస్‌కి చెవిగాటు: స్పామ్ దారి పట్టుకున్న చరిత్ర

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

పోయిన ఏడాది మా హాస్టల్లో ఒక తమ్ముడికి మెయిల్ వచ్చింది. ఫలానా కంపెనీలో ఉద్యోగానికి సెలెక్ట్ అయ్యావు, రిజిస్ట్రేషన్ ఫీజు 2,500 రూపాయలు సాయంత్రం లోపు కట్టాలి అని. తమ్ముడు నిజంగానే ఆ కంపెనీకి అప్లై చేసి ఉన్నాడు, అందుకే నమ్మాడు. ఇంటికి ఫోన్ చేస్తే, చింతపండు అమ్మిన డబ్బులున్నాయి పంపిస్తా అంది వాళ్ళమ్మ. కట్టేముందు మేం ఆ మెయిల్లో 'టు' అని ఉన్నచోట చూశాం. అక్కడ అతని మామూలు అడ్రస్ లేదు. పేరు తర్వాత ప్లస్ గుర్తు, దాని పక్కన 'మాక్‌టెస్ట్' అని ఉంది. ఆ అడ్రస్ అతను కంపెనీకి ఇవ్వనేలేదు. ఒక ఉచిత మాక్ టెస్ట్ ఫారంలో మాత్రమే రాశాడు. తనకు ఇవ్వని అడ్రస్‌కి కంపెనీ ఎట్లా రాస్తుంది? ఆ రోజు డబ్బులు మిగిలాయి.

ఆ ప్లస్ గుర్తు ఎక్కణ్ణుంచి వచ్చిందో మేం వెతికి తెలుసుకున్నదే ఈ పోస్టు.

మన ఊళ్ళల్లో మేకల్ని అడవికి తోలేవాళ్ళు చెవికి గాటు పెట్టుకుంటారు. నాలుగు మందలు కలిసిపోయినా ఏది ఎవరిదో గాటు చెబుతుంది. ఉత్తరాల కాలంలోనే అమెరికాలో కొందరు ఇదే పని చేశారు. ఒక పత్రికకు చందా కట్టేటప్పుడు పేరులో ఒక అక్షరం మార్చి రాసేవాళ్ళు. అదే తప్పు పేరుతో ఇంకెవరి నుంచో ప్రకటన వస్తే, అడ్రస్ ఏ చేతిలోంచి జారిందో తెలిసిపోయేది. అడ్రస్‌ల జాబితాలు అద్దెకిచ్చే వ్యాపారులు కూడా అందులో దొంగ పేర్లు కలిపేవాళ్ళు. ఒక్కసారికి అద్దె కట్టి రెండోసారి వాడుకున్నవాణ్ణి అట్లా పట్టుకునేవాళ్ళు.

ఇక ఈమెయిల్ సంగతి. 1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి నెట్‌వర్క్ మీద మెయిల్ పంపాడు. మనిషి పేరుకీ కంప్యూటర్ పేరుకీ మధ్య 'ఎట్' గుర్తు పెట్టింది ఆయనే. ఏడేళ్ళు తిరక్కుండానే, 1978 మే నెలలో, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో మార్కెటింగ్ చూసే గ్యారీ థుర్క్ అర్పానెట్‌లో ఉన్న దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. కొత్త కంప్యూటర్లు చూడ్డానికి రండి అని. అడ్రస్‌లు అచ్చు డైరెక్టరీలోంచి తీసుకున్నారు. తొలి స్పామ్ అని ఇప్పుడు చెప్పుకునేది దీన్నే. అడగని మెయిల్ మొదటిరోజు నుంచీ ఇంతే: మన అడ్రస్ ఒక జాబితాలో ఉంటుంది, జాబితా ఇంకొకరి చేతికి పోతుంది.

1982లో మెయిల్‌కి ఆర్‌ఎఫ్‌సీ 822 అనే నియమావళి వచ్చింది. అందులో ఒక చిన్న మాట మనకి పెద్ద ఉపకారం చేసింది. 'ఎట్' గుర్తుకి ఎడమవైపు ఉన్నదానికి అర్థం చెప్పుకునే హక్కు మెయిల్ అందుకునే కంప్యూటర్‌దే, దారిలో ఉన్నవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. అంటే పేరు పక్కన ఏదైనా తోక తగిలించినా అది భద్రంగా ఇల్లు చేరుతుంది. దాని ఆధారంగానే కొన్ని మెయిల్ సర్వర్లు పేరు తర్వాత ప్లస్ పెట్టి ఏదైనా రాసుకోనిచ్చాయి. 1990ల్లో డేనియల్ బెర్న్‌స్టీన్ రాసిన క్యూమెయిల్‌లో ప్లస్ బదులు అడ్డగీత వాడారు. అప్పటి ఉద్దేశం దొంగల్ని పట్టడం కాదు, వచ్చిన ఉత్తరాల్ని ఏ గూట్లో వేయాలో తేలిగ్గా తెలియడం. 2003లో ఆర్‌ఎఫ్‌సీ 3598, దాని బదులు 2008లో ఆర్‌ఎఫ్‌సీ 5233, ఈ తోకను చూసి మెయిళ్ళు వేరుచేసే పద్ధతిని రాతలో పెట్టాయి.

2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చింది. తర్వాత ఈ తోక మనలాంటి మామూలోళ్ళ చేతికి కూడా అందింది. అందులో పేరు మధ్య చుక్కలు ఎన్ని పెట్టినా లెక్కలేదు, ప్లస్ తర్వాత ఏం రాసినా మెయిల్ మన పెట్టెకే వస్తుంది.

గాటు ఎంత పని చేస్తుందో 2012 జులైలో లోకానికి తెలిసింది. డ్రాప్‌బాక్స్‌కి మాత్రమే ఇచ్చిన అడ్రస్‌లకి జూదం సైట్ల స్పామ్ వస్తోందని దాని వినియోగదారులు ఫిర్యాదు చేశారు. ఇంకెక్కడా ఇవ్వని అడ్రస్‌లు కాబట్టి, మీరే ఎక్కడో పోగొట్టుకున్నారు అనే మాటకి చోటు లేకుండా పోయింది. కంపెనీ వెతికి, ఒక ఉద్యోగి పాస్‌వర్డ్ దొంగలకి దొరికిందనీ, అతని ఖాతాలో వినియోగదారుల ఈమెయిళ్ళున్న ఒక పత్రం ఉందనీ ఒప్పుకుంది. 2016లో ఆ దొంగతనం 6.8 కోట్లకు పైగా ఖాతాలదని బయటపడింది. మొదట పొగ చూసింది మాత్రం ఆ గాటు పెట్టుకున్న కొద్దిమందే.

ఇక్కడ ఒక జాగ్రత్త. గాటు ఎక్కణ్ణుంచి పోయిందో చెబుతుంది, ఎట్లా పోయిందో చెప్పదు. అమ్మారా, దొంగలు ఎత్తుకుపోయారా, గుమాస్తా ఎవరికైనా ఇచ్చాడా అనేది తెలియదు. మా తమ్ముడి విషయంలో ఆ మాక్ టెస్ట్ వాళ్ళే అమ్మారని మేం అనం. ఇంకోటి, ప్లస్ నుంచి తోకను కత్తిరించడం జాబితా ఉన్నవాడికి నిమిషం పని. కొన్ని ఫారాలు ప్లస్ గుర్తునే తప్పు అంటాయి. అందుకే తర్వాత తర్వాత పేరుతో సంబంధమే లేని మారు అడ్రస్‌లు వచ్చాయి. యాపిల్ తెచ్చిన 'హైడ్ మై ఈమెయిల్' అట్లాంటిదే. అందులో కత్తిరించడానికి తోక ఉండదు. స్పామ్ మొదలైతే ఆ ఒక్క అడ్రస్ మూసేస్తే చాలు.

మరి మనం ఏం చేద్దాం? స్కాలర్‌షిప్, కౌన్సెలింగ్, పరీక్షల ఫారాలకి మాత్రం అసలు అడ్రస్సే ఇవ్వండి, అక్కడ అక్షరం తేడా వస్తే తిప్పలు. జాబ్ మేళా, ఉచిత టెస్టులు, లక్కీ డ్రాలు, కొత్త యాప్‌లు, వీటన్నింటికీ తలా ఒక తోక. ఏ తోక ఎవరికిచ్చారో నోట్ బుక్‌లో రాసుకోండి. ఏదైనా తోక పాడైతే, ఆ అడ్రస్‌కి వచ్చినవన్నీ నేరుగా చెత్తబుట్టలోకి పోయేట్టు ఫిల్టర్ పెట్టుకోవచ్చు. డబ్బు అడిగే మెయిల్ వస్తే ముందు 'టు' చూడండి. గాటు తప్పయితే మెయిల్ అబద్ధం. గాటు సరిగ్గా ఉన్నంత మాత్రాన నిజమని కాదు, అప్పుడు కూడా కంపెనీకి విడిగా ఫోన్ చేసి అడగండి.

మన తాతలు షావుకారి చూపించిన కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చేవాళ్ళు. ఆ ముద్ర తర్వాత ఎక్కడెక్కడికి పోయిందో వాళ్ళకి తెలిసే దారి లేదు. మనం నెట్ సెంటర్‌లో కూర్చుని రోజూ ఇస్తున్న అడ్రస్‌కి ఆ దారి ఉంది. నెట్ సెంటర్ అన్న ఫారం నింపుతుంటే పక్కన నిలబడి, ప్లస్ పెట్టి రాయన్నా అని చెప్పండి. కొత్తగా హాస్టల్లో చేరిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఇది నేర్పించండి.