పిప్పిపంటి చరిత్రము

మా ముమ్మిడివరములో మా యింటికి రెండిండ్ల అవతల నొక వృద్ధురాలు గలదు. మొన్న పుష్యమాసమున నామెకు కుడివైపు పైదవడపన్ను పుచ్చి రాత్రులు నిద్రపట్టనీయకుండ బాధించినది. వైద్యునికి జూపించుకొనుమని కొడుకు లెంత బ్రతిమాలినను వినక, ఒకనాటి సాయంకాలము మా యరుగుమీదికి వచ్చి కూర్చుండి, "పై పన్ను పీకితే కన్ను పోద్దంట కదండీ మాస్టారూ, నిజమేనంటారా?" యని యడిగినది. చదువురాని యామె ప్రశ్న యని నవ్వి యూరకుండవచ్చును. కాని యీ భయమునకు పుట్టిల్లు పామరజనము గాదు. దీనికి మూలము సుశ్రుతసంహిత. ఆ సంగతి లీలగా జ్ఞాపకమునకు రాగా, బదులుచెప్పక లోనికి బోయి పుస్తకము తెఱచితిని.

సుశ్రుతుడు నోటిరోగములను అఱువదియైదింటిగా లెక్కించినాడు. అందు పదునైదు చిగుళ్లవి, ఎనిమిది పండ్లవి. ఆ యెనిమిదింటిలో క్రిమిదంత మొకటి. నల్లని రంధ్రము, కదలుట, రసికారుట, వాపు, కారణము లేకయే పోటు పుట్టుట దాని లక్షణములు. చికిత్సాస్థానమున నాత డొక హెచ్చరిక చేసినాడు: పైవరుస పన్ను కదలుచున్నను వైద్యుడు దానిని తీయరాదు, తీసినచో రక్తము మితిమీఱి స్రవించి, రోగికి కన్ను పోవుటయో, మూతి వంకరపోవు అర్దితవాతమో కలుగును. మన పొరుగింటి యవ్వ నోట పలికినది ఈ వాక్యమే. శతాబ్దములు గడచినను, సంస్కృతము రానివారి నోటగూడ నది చెక్కుచెదరలేదు.

రక్తము నాపు సాధనములు చాలని కాలమున నది వివేకముగల మాటయే కావచ్చును. నేడు పంటిగుంట నదిమిపట్టుటకు గుడ్డయు, కుట్టుటకు దారమును గలవు. చూపునకు సంబంధించిన నరము వేఱు, పండ్లకు సంబంధించిన నరము వేఱు. పన్ను తీసినంతమాత్రమున చూపు పోదు. పైదవడ వేళ్ల యొద్ద చీము పట్టి, దాని నట్లే యుంచుకొన్నచో మాత్రము, అరుదుగానే యైనను, ఆ విషము చెంపలోనికిని, కంటిగూటిలోనికిని ప్రాకుట కలదు. కాబట్టి కంటికి భయపడి పన్ను చూపించుకొననివారు సరిగా తలక్రిందులుగా నాలోచించుచున్నారు.

అదే సుశ్రుతుడు మఱియొక మాట చెప్పినాడు. దానినేలనో మనవారు మఱచిరి. పంటిమూలమున పుట్టిన నాడీవ్రణము నుపేక్షించినచో అది దవడయెముకను భేదించితీరునట. ఎక్స్ కిరణములు లేని కాలమున, చిగురుపై కురుపును, దాని వెనుకనున్న దారిని, ఆ దారి చివరనున్న పంటివేరును చూచి, ఆతడీ సత్యమును గ్రహించినాడు. రూట్ కెనాలు చికిత్సకు ప్రయోజనమంతయు నీ యొక్కమాటలో నున్నది.

ఇక పురుగు సంగతి. పన్ను పుచ్చుటకు పురుగు కారణమని బాబిలోను వాసులు మంత్రము లల్లుకొనిరి, మనవారు క్రిమిదంతమనిరి. మన పల్లెలలో నేలములక గింజలను నిప్పులపై వైచి, ఆ పొగను నోటికి బట్టించి, క్రిందపెట్టిన నీళ్లపళ్లెములో తెల్లని పురుగులను రాలించి చూపువారు చాలకాలము సంచరించిరి. ఐరోపాలో నిదే విద్యను ఖురాసానీ వాము గింజలతో ప్రదర్శించెడివారు. రేగెన్స్‌బుర్గు పట్టణపు మతగురువు షేఫరు 1757లో ఆ గింజలను తానే కాల్చిచూచి, రాలినవి పురుగులు కావనియు, వేడికి పగిలిన గింజలలోని మొలకలనియు తేల్చెను. రోగి నోరు లేకున్నను పళ్లెములో పురుగులు రాలునని యర్థము! అంతకు ముందే, 1728లో, దంతశస్త్రమునకు మహాగ్రంథము వ్రాసిన ఫ్రెంచివాడు ఫోషారు సూక్ష్మదర్శినితో వెదకియు పురుగును గానలేదు.

చిత్రమేమనగా, 1683లోనే డచ్చిదేశస్థుడు లీవెన్‌హుక్ తన పండ్లపాచిని కటకము క్రింద నుంచి, అందు కదలు అణుజీవులను చూచియుండెను. అవి పంటిని పాడుచేయునని నిరూపింప మఱి రెండువందల యేండ్లు పట్టినది. బెర్లినులో పనిచేసిన అమెరికా దేశస్థుడు మిల్లరు 1890లో ప్రకటించిన గ్రంథమున, ఈ జీవులు తీపిని పులియబెట్టి ఆమ్లమును పుట్టించుననియు, ఆ యామ్లమే పంటిని కరగించుననియు వివరించెను. ఆత్రేయపురపు పూతరేకులుగాని కొబ్బరిలౌజుగాని పంటిసందున నిలిచినచో నేమగునో దీనినిబట్టి యూహింపవచ్చును.

వాగ్భటుడు కదలని పుప్పిపంటిని తీయుమనలేదు. ఆ గుంటను బెల్లముతోగాని మైనముతోగాని పూడ్చి, కాల్చిన శలాకతో దహింపుమనెను. ఏడాకుల అరటిపాలును, జిల్లేడుపాలును నింపినను పోటు తగ్గుననెను. పంటిని నిలుపవలెననియు, లోపలి రోగమును చంపవలెననియు, పైని మూయవలెననియు నాతని తలంపు. నేటి వైద్యుని తలంపును నదియే. లోపించిన దొక్కటి: వేరులోపలి సన్నని నాళమును శుభ్రపఱచుట. (జిల్లేడుపాలు నేటికిని పోసికొనువారు గలరు. అది చిగురును కాల్చి పుండుచేయును. చిగురుపై నదిమిపెట్టు ఆస్పిరిన్ మాత్రయు నట్టిదే.) నేడు వైద్యులు నాళమును నింపునదియు నొక చెట్టుపాలే యనిన చదువరులు వింతపడుదురేమో. దానిపేరు గట్టాపెర్చా. మలయాదేశపు చెట్టునుండి తీసిన యీ గట్టిపాలను తొలుత సముద్రగర్భమున తంతితీగలకు తొడుగుగా వాడిరి; 1867లో బౌమను అను అమెరికా వైద్యుడు పంటినాళమును నింపుటకు వాడెను. ఆ చెట్టు మన యిప్ప, పొగడ, సపోటా చెట్ల కుటుంబములోనిది. కదలు పండ్లకు పొగడపట్ట మంచిదని మన వైద్యులు చెప్పుటయు, ఈ చుట్టఱికమును కేవలము కాకతాళీయములే. అయినను చెప్పకుండ నుండలేకపోతిని.

నాళములోనికి దూరు సాధనము పుట్టిన కథ యింకను వినదగినది. 1838లో వాషింగ్టను నగరమున నుండిన మేనార్డు గడియారపు స్ప్రింగును ఆకురాయితో నరగదీసి, వెండ్రుకవంటి ముల్లుపుల్లను చేసి, దానితో దంతమజ్జను లాగివైచెను. ఈతడే తరువాత తుపాకులకును క్రొత్త యమరికలు కనిపెట్టెను! ఆ కాలమున మజ్జను చంపుటకు పాషాణమును పెట్టుచుండిరి. స్పూనరు 1836లో దానిని ప్రకటించెను. అది ప్రక్కకు కారినచో చిగురును, ఎముకను తినివేసెడిది. 1864లో బార్నము రబ్బరుపొర నొకదానిని పంటిచుట్టు తొడిగి ఉమ్మిని దూరముంచు నుపాయము కనిపెట్టెను. 1895లో రంట్‌జెన్ కనిపెట్టిన కిరణములతో మఱుసటి జనవరిలోనే జర్మనీ దంతవైద్యుడు వాల్ఖాఫు పండ్లచాయను పట్టెను. అంతవఱకు చీకటిలో తడవులాడిన వైద్యునికి వేరుచివర యేమున్నదో నాటినుండి కనుపించినది. కోకైనుతో 1884లో మొదలైన మత్తుమందు, 1905నాటి ప్రొకైను దాటి, 1943లో స్వీడనులో తయారైన లిడొకైనుతో నిరపాయమైనది. తాతలనాటి పంటిబాధల కథలు విని నేడు భయపడువారు, ఆ కథలు మత్తుమందునకు పూర్వపువని జ్ఞాపకముంచుకొనవలయును.

ఇంత యభివృద్ధి నడుమ శాస్త్రమే యొకమాఱు త్రోవతప్పినది. 1910లో మాంట్రియాలు నగరమున ఆంగ్లవైద్యుడు విలియం హంటరు ప్రసంగించుచు, కుళ్లిన పండ్లపై బంగారుతొడుగులు బిగించుటవలన దేహమంతట రోగములు పుట్టుచున్నవని నిందించెను. కుళ్లుమీద తొడుగు బిగించుట తప్పే, నింద న్యాయమే. కాని దానినుండి వైద్యులు తీసిన సిద్ధాంతము వేఱు: నరము చచ్చిన పన్ను ప్రతిదియు విషపుతిత్తి కావున పీకివేయవలయునట! కీళ్లనొప్పులకును, మనోవ్యాధులకును మందుగా ఇరువది ముప్పది యేండ్లపాటు అమెరికాలోను ఇంగ్లండులోను లెక్కలేనన్ని పండ్లు తీసివైచిరి. పండ్లు పోయెను, నొప్పులు పోలేదు. 1965లో అమెరికాలో చేసిన ప్రయోగమున, సూక్ష్మజీవులు బొత్తిగా లేని యెలుకల పండ్లకు మజ్జవఱకు రంధ్రము చేసినను మజ్జ చావక, పైపెచ్చు గాయమును పూడ్చుకొన యత్నించినది. సామాన్యమైన యెలుకలలో కుళ్లిపోయినది. కీడు చేయునవి సూక్ష్మజీవులు. వానిని తొలగించి మూసిన పన్ను విషపుతిత్తి కాదు. నేడు చరవాణులలో "రూట్ కెనాలు చేయించిన పుట్టకురుపు వచ్చును" అని తిరుగు సందేశములు ఆ నూఱేండ్లనాటి సిద్ధాంతపు ప్రేతములే.

మన దేశమున దంతవైద్యకళాశాలను కలకత్తాలో 1920లో రఫీయుద్దీన్ అహమ్మదు స్థాపించెను. దంతవైద్యుల చట్టము 1948లో వచ్చినది. హైదరాబాదులో ప్రభుత్వ దంతకళాశాల 1959లో వెలసినది. కోనసీమవారికి ఇవి చాలకాలము దూరపుకొండలే. యెదుర్లంకకును యానామునకును నడుమ గౌతమిపై వంతెన పడకమునుపు పంటిపోటుతో కాకినాడ పోదలచినవాడు రేవులో పడవకై నిలువవలసియుండెను. అందుకే లవంగమే వైద్యుడు. ఇప్పు డా సాకు లేదు.

నాకు మాత్ర మేమి సాకు గలదు? పదేండ్ల క్రిందట నాకు క్రిందిదవడపంటికి ఈ చికిత్స మొదలుపెట్టిరి. మొదటి దినముననే నరము తీయగా పోటు మాయమైనది. తాత్కాలికముగా పూడ్చి, వారమునకు రమ్మనిరి. పదవతరగతి పరీక్షలు దగ్గఱపడుటచే నేను పోలేదు. పోటు లేదు గదా! ఆ పూత యూడినది, ఉమ్మి దిగినది, ఏడాది దాటిన పిదప తేగ కొఱుకుచుండగా పన్ను నిలువున చీలినది. చీలినదానిని ఎవ్వరును నిలుపలేరు. తప్పు వైద్యునిది గాదు. చికిత్సకు పోవువారు మొట్టమొదట నెఱుగవలసినది నేనట్లు నేర్చుకొంటిని: పోటు తగ్గుట నయమగుట గాదు. చికిత్స లేకయే పోటు దానంతట నణగినచో మజ్జ చచ్చినదని యర్థము కావచ్చును. చీము నిశ్శబ్దముగా పనిచేయుచునే యుండును. చచ్చిన మజ్జకు రక్తము పాఱదు గనుక, మ్రింగిన మాత్ర లచ్చటికి చేరవు. వాపు తగ్గించునేగాని మూలము తీయవు.

నాళములు పంటిపంటికి వేఱు. ముందుపండ్ల కొక్కొక్కటి, పైదవడ మొదటిపంటికి వేళ్లు మూడైనను నాళములు తఱచుగా నాలుగు. ఒకటి తప్పిపోయినచో ఏండ్లకు మరల వాపు వచ్చుట కలదు. కనుక ఎక్స్ కిరణచిత్రము తీయించి, అర్థము కానిచో అడిగి తెలిసికొనుటలో బిడియ మక్కఱలేదు. దవడపంటికి పైని తొడుగు సాధారణముగా నవసరము; దాని వెల వేఱుగా నుండును, మొదటనే యడుగవలయును. మధుమేహము, రక్తము పలుచనగుటకు మందు వాడుక యున్నచో దాచరాదు. దవడక్రింద వాపు పెరిగి, జ్వరము వచ్చి, నోరు తెఱచుటయు మ్రింగుటయు కష్టమైనచో అది పంటివైద్యుని తడవు కాదు. ఆ రాత్రియే పెద్దాసుపత్రికి పోవలయును. అట్టివారు ఊపిరాడక మరణించుట కలదు.

ఇదంతయు నవ్వకు చెప్పలేదు. సుశ్రుతుడు అట్లు చెప్పిన మాట నిజమే కాని, పన్ను తీసినంతమాత్రమున చూపు పోదనియు, ఆమె పన్ను పీకకయే నిలుపవచ్చుననియు మాత్రము చెప్పితిని. ఆమె కొంతసేపాలోచించి, "మరి పీకరా?" యని రెండుమాఱు లడిగి, మఱునాడు పెద్దకొడుకు బండిపై అమలాపురము పోయినది. మూడుమాఱులు పిలిచిరి; మూడుమాఱులును పోయినది. నాలుగవ నాళము దొరకుటకు చాలసేపు పట్టినదని యామె నాతో గర్వముగా చెప్పినది.