సామర్లకోట తోటలో మిరియాల తీగ



కొత్త మొక్క అంటే మనందరికీ ముచ్చటే. ఎవరి పెరట్లోనైనా మనమెరుగని చెట్టు కనిపిస్తే, "ఏమండీ, ఇదేం చెట్టండీ? ఒక కొమ్మ ఇప్పిస్తారా?" అని అడగకుండా ఉండలేము. సంతలో అమ్మేవాడు ఏ పేరు చెబితే ఆ పేరు నమ్మి, తెచ్చి నాటుతాము. నాలుగేళ్లు నీళ్లు పోసిన తరువాత గాని, అది కాసేదో కాయనిదో తెలియదు. ఈ చిక్కు మనతో మొదలైనది కాదు. రెండు వందల ఏళ్ల క్రిందట మన గోదావరి సీమలోనే ఈ చిక్కు వచ్చింది, విడింది కూడాను. ఆ కథ వినండి.

కాకినాడకు ఉత్తరాన పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో సామర్లకోట ఉన్నది. 1781లో విలియం రాక్సుబర్గు అనే స్కాట్లండు దేశపు వైద్యుడు అక్కడికి వచ్చినాడు. ఈస్టిండియా కంపెనీ దండులో ఆయన ఉద్యోగి. వైద్యం ఆయన కొలువు. చెట్లూ చేమలూ ఆయన వ్యసనం. కంపెనీవారికి కావలసినది వేరు. మిరియాలు, జాజికాయ, దాల్చినచెక్క వంటి సరుకులు ఇతరుల దగ్గర కొనకుండా తమ ఏలుబడిలోనే పండాలని వారి కోరిక. అది వారి వ్యాపారపు లెక్క. రైతు బాగు కోసం వేసిన లెక్క కాదు. ఏమైతేనేం, సామర్లకోటలో ఒక తోట లేచింది. కాఫీ, దాల్చిన, జాజి, జాఫరా, సీమపనస, పట్టుపురుగులకు మేపే మల్బరీ, ఇలా ఎక్కడెక్కడి మొక్కలో ఆ తోటలో నాటి చూచినారు.

అయితే రాక్సుబర్గు దొర విదేశపు మొక్కలతో తృప్తి పడలేదు. చుట్టుపక్కల అడవిలో ఏమున్నదో చూడాలనుకొన్నాడు. ఆ పనిలో ఆయనకు దారి చూపినవారిలో కోనిగ్ అనే వైద్యుడు ఒకడు. మొక్కలకు రెండేసి పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయసుకు ఈ కోనిగ్ స్వయానా శిష్యుడు. 1768లో తరంగంబాడికి వచ్చి, 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూసినాడు. ఆకును మాత్రం చూచి మోసపోవద్దు, పూవు విప్పి చూడు, రేకులు లెక్కపెట్టు, కేసరాలు లెక్కపెట్టు, కాయ కోసి గింజ చూడు. ఇదీ ఆ గురుపరంపర నేర్పిన పాఠం.

ఈ పాఠానికి రాక్సుబర్గు మరొకటి చేర్చుకొన్నాడు. ఆ ఊరివారు ఆ చెట్టును ఏమంటారు, దేనికి వాడతారు అని అడిగి వ్రాసుకొన్నాడు. ఆయన పుస్తకాలలో మన తెలుగు పేర్లు చాలా కనిపించడానికి కారణం ఇదే. సోమిద చెట్టు సంగతే చూడండి. దాని బెరడు జ్వరానికి పనికివస్తుందని మనవాళ్లకు తెలుసు. ఆయన దానిని పరీక్షించి లోకానికి తెలియజేసినాడు. తరువాత 1830లో జస్సూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ చెట్టుకు ప్రత్యేకంగా ఒక ప్రజాతిని ఏర్పరచి, 'సోయ్‌మిడా' అని పేరు పెట్టినాడు. మన అడవి పల్లెలో పుట్టిన మాట ఈనాడు ప్రపంచమంతటా వృక్షశాస్త్రంలో నిలిచి ఉన్నది.

మొక్కల బొమ్మలు వేయడానికి ఆయన దేశీయ చిత్రకారులను పెట్టుకొన్నాడు. ఆ బొమ్మలలో మూడు వందలు ఏరి, 'కోరమండల తీరపు మొక్కలు' అనే గ్రంథంగా లండనులో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలు అచ్చువేసినారు. రంగులు దిద్దిన చేతుల పేర్లు మాత్రం అందులో ఎక్కలేదు. చెట్టు పేరు చెప్పిన కోయవాడి పేరూ ఎక్కలేదు. పేరు వ్రాసుకోవడం ఎంత అవసరమో చెప్పే గ్రంథంలోనే ఈ లోటు ఉండిపోయింది.

ఇక మిరియాల సంగతికి వస్తాను. సామర్లకోటకు ఉత్తరాన ఉన్న కొండలలో, తేమగల లోయలలో, పొదల మీద మిరియాల తీగ తనంతట తానే పాకుతూ ఆయనకు కనిపించింది. మలబారు మిరియం మన కొండల్లోనే ఉన్నదని అందరూ సంబరపడినారు. సామర్లకోట దగ్గర పెద్ద తోట మొదలుపెట్టినారు. అది పెరిగి పెరిగి, సుమారు యాభై ఎకరాలలో నలభై యాభై వేల తీగలదాకా అయింది.

కాని అన్ని తీగలూ ఒక్కలాగు కాయలేదు. ఆకు ఒకటే, కాండం ఒకటే, పాకే తీరూ ఒకటే. కొన్నిటి కాయ పచ్చిగా ఉండగానే రాలిపోయేది. ఎండబెట్టినా అందులో ఘాటు లేదు. మరికొన్నిటి మిరియం మలబారు సరుకుకు తీసిపోదని వర్తకులే అన్నారు. ఎందుకిట్లా?

రాక్సుబర్గు కంకులు విప్పి చూచినాడు. తాడిచెట్లలో పోతుతాడి, పెంటితాడి ఉన్నట్లే ఈ తీగలలోనూ భేదం ఉన్నది. కొన్నిటికి మగపూలే. కొన్నిటికి ఆడపూలే. మరికొన్నిటికి ఒకే కంకి మీద ఆడపూలూ, రెండు గుణాలూ కలిసిన పూలూ ఉన్నాయి. రాలిపోయేది వట్టి ఆడతీగ కాయ. ఘాటుగా నిలిచేది ఈ మూడవ తీగ కాయ. ఇది మలబారు మిరియం కూడా కాదు, దాని దాయాది అని తేల్చి, ఆయన 'పైపర్ ట్రయోయికం' అని పేరు పెట్టినాడు. మూడు తెగలుగా ఉండేది అని ఆ పేరులోనే అర్థం ఉన్నది. ఇక్కడ అసలు సంగతి గమనించండి. మొక్క పేరు తెలిసినంత మాత్రాన పని జరుగలేదు. ఏ తీగ నుంచి కొమ్మ తెచ్చినామో తెలిసినప్పుడే ఫలం తేలింది.

సరిగా గుర్తుపట్టకపోతే ఏమవుతుందో చెప్పే కథ కూడా ఒకటున్నది. 1793లో రాక్సుబర్గు కలకత్తా కంపెనీ తోటకు అధికారిగా వెళ్లినాడు. ఆ రోజుల్లో మెక్సికో నుంచి వచ్చే కోచినీల్ అనే ఎర్రరంగుకు బంగారమంత గిరాకీ. నాగజెముడు జాతుల మీద బతికే చిన్న పురుగు నుంచి ఆ రంగు తీస్తారు. 1795లో నీల్సన్ అనే కాప్టెను బ్రెజిలు నుంచి కొన్ని పురుగులు కలకత్తాకు తెచ్చినాడు. ఇవే అసలు కోచినీల్ అని నమ్మినారు. తీరా చూస్తే అవి వేరే జాతి, నాసిరకానివి. ఆశించిన రంగు రాలేదు. కాని ఆ పురుగు నాగజెముడు డొంకలను తిని నాశనం చేసింది.

నాగజెముడు బాధ ఉన్న రైతులకు అది మేలే అయింది. 1836, 1838 మధ్య ఆ పురుగును దక్షిణాదికి తెచ్చి వదలినారు. ఒక జాతి నాగజెముడు పోయింది. చూపుకు అలాగే ఉండే మరొక జాతిని మాత్రం ఆ పురుగు ముట్టలేదు. దానికి తగిన మరో పురుగును 1926లో సింహళం నుంచి తెచ్చేదాకా అది పొలాలను పట్టుకొనే ఉన్నది. "జెముడు జెముడే కదా, ఏదైతేనేం?" అంటే చెల్లదని తేలింది.

సోదరులారా, ఈనాడు పాడేరు, చింతపల్లి కొండలలో కాఫీ తోటల మధ్య సిల్వర్ ఓకు చెట్లకు మిరియాల తీగలు పాకిస్తున్నారు. గింజ నాటితే తల్లి గుణం బిడ్డకు వస్తుందన్న నమ్మకం లేదు. బాగా కాసి, తెగులు లేని తల్లి తీగను రెండు మూడేళ్లు కనిపెట్టి, దాని కొమ్మనే తెచ్చి నాటాలి. ఏ కొత్త మొక్కకైనా ఇదే సూత్రం.

కాబట్టి ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. మొక్క ఎక్కడినుంచి వచ్చింది, ఎవరిచ్చినారు, ఆ ఊళ్లో దాని పేరేమిటి, ఎప్పుడు పూసింది, ఎప్పుడు కాచింది, ఇవన్నీ తేదీతో వ్రాయండి. పూవూ కాయా ఉన్న కొమ్మను పాత పత్రికల మధ్య నొక్కి ఆరబెట్టి, దగ్గరలోని కళాశాల వృక్షశాస్త్ర శాఖవారికి చూపించండి. తెలియని కాయను, ఆకును ఎవరు చెప్పినా నోట పెట్టవద్దు. దేశాంతరపు మొక్కను మొదట పెరట్లో పెంచి చూడండి. విత్తనం గాలికీ నీటికీ పోయి పక్క చేలో మొలిచేదైతే పొలానికి తేవద్దు.

సామర్లకోటలో ఆ మిరియాల తోట ఇప్పుడు లేదు. ఆ కొండలలో చెట్ల పేర్లు ఎరిగిన ముసలివారు ఇంకా ఉన్నారు. వాళ్లుండగానే అడిగి వ్రాసుకోండి. ఈసారి మాత్రం చెప్పినవారి పేరు కూడా ఆ పక్కనే వ్రాయండి.