కంప్యూటరు నిద్ర

యంత్రమునకు నిద్ర యేమని మీరు నవ్వవచ్చును. ఆ మాట నాది కాదు. కంప్యూటరులను జేసినవారే యట్లు వాడుచున్నారు. పని లేని వేళ నా యంత్రము వృథాగా విద్యుత్తును దినకుండుటకు గల్పించిన యుపాయమది.

1992వ సంవత్సరమున అమెరికా పర్యావరణ సంరక్షణ సంస్థ ‘ఎనర్జీ స్టార్’ అను గుర్తును నెలకొల్పెను. పొదుపుగల కంప్యూటరులును, వాని తెరలును మొదట నా గుర్తును బొందినవి. ఆ యేటనే ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఎ.పి.ఎమ్. అను పద్ధతిని వెలువరించినవి. అందు నిద్రపుచ్చు నధికారము చాలవఱకు బయోస్‌ది. బయోస్ అనగా విద్యుత్తు రాగానే యన్నిటికంటె ముందు మేల్కొని తక్కిన భాగములను లేపు నాదేశముల సముదాయము. యజమాని యే పనిలో నున్నాడో దానికి దెలియదు. మీటలు కదలనిచో బని లేదని యూహించెడిది. ఆ యూహ పలుమాఱు తప్పెడిది.

1996 డిసెంబరులో తోషిబాయు గలసి ఎ.సి.పి.ఐ. అను క్రొత్త పద్ధతి వచ్చెను. ఇందు నధికారము ఆపరేటింగు సిస్టమునకు మాఱినది. బయోస్ యంత్రభాగముల పట్టికలను మాత్రము వ్రాసి యిచ్చును. పూర్వము కరణము వ్రాసిన లెక్కను నమ్మి తహసీలుదారు ఉత్తరువు చేసినట్లన్నమాట. లెక్కయే తప్పైనచో నుత్తరువేమగునో మీకు నేను జెప్పవలెనా?

ఆ తప్పులు నిజముగనే పెక్కు బయోస్‌లలో నుండినవి. అందుచేత విండోస్ 2000 వచ్చినప్పుడు, 1999 జనవరి 1వ తేదీకి బూర్వపు బయోస్‌లను, మంచివని తెలిసిన కొన్నింటిని దప్ప, నమ్మకుండునట్లు చేసిరి. ఈ పరీక్ష సిస్టమును యంత్రమున నెక్కించునాడే జరుగును. ఆనాడు బయోస్‌లో ఎ.సి.పి.ఐ. మూసియున్నచో, ఆ సౌకర్యము లేని సామాన్య యంత్రమని నిర్ణయింపబడును. తరువాత నెవరైన నుత్సాహముతో దానిని తెఱచినచో యంత్రము లేవనే లేవకపోవచ్చును. మరల మొదటినుండి యెక్కింపవలసినదే. తెరకు దగిన డ్రైవరు లేక సామాన్యపు డ్రైవరు మాత్రమున్నచో, నిద్ర యను నెంపికయే కానరాదు. ఇది కొంత మేలు. లేనిదానిని నొక్కలేము గదా.

ఉండియు బనిచేయనిదే ప్రమాదము. నేను బనిచేసిన బడిలో నొక సాయంకాలము పిల్లల మార్కులెక్కించుచు, కరెంటు మిగులునని యా నిద్ర మీటను నొక్కి భోజనమునకు బోతిని. వచ్చి చూడగా లోపలి పంకా తిరుగుచున్నది, తెర మాత్రము నల్లగా నున్నది. కుంభకర్ణునైన లేపవచ్చును గాని దానిని లేపజాలకపోతిని. తుదకు కరెంటు తీసివేసితిమి. దాచుకొనని మార్కులన్నియు బోయినవి. నిద్రలో నవి తాత్కాలిక స్మృతిలోనే యుండును, విద్యుత్తు పోగానే చెఱగిపోవును. డిస్కుపై వ్రాసి పండుకొను దీర్ఘనిద్ర వేఱొకటి కలదు. దానికి స్మృతికి దగినంత చోటు డిస్కుపై గావలెను, మా డిస్కు నిండియుండెను.

ఆ రాత్రి జవాబుపత్రములను మరల ముందు వేసికొని, ఇద్దఱు పంతుళ్లము తెల్లవాఱువఱకు మార్కులెక్కించితిమి. మఱునాటినుండి యా గదిలోని యంత్రములన్నిటికి నిద్ర మాన్పించి, బడి మూయునప్పుడు పూర్తిగా నార్పుచుంటిమి.