మగ్గము, యంత్రము, ఊహ: మంగళగిరి అంచు నాధారముగా ఒక పరిశీలనము

సంప్రదాయసిద్ధమైన మంగళగిరి నూలుచీరకు ఒడలంతయు సాదా. గుంటమగ్గముపై చిక్కగా నేసిన ఆ బట్టలో అలంకరణమంతయు 'నిజాం అంచు' అని ప్రసిద్ధమైన జరీపట్టెయందే యిమిడియున్నది. ఆ కొలది చోటున ఏది యుండవలెనో నిర్ణయించువా డెవడను ప్రశ్న కృత్రిమ మేధ వచ్చిన యీ దినములలో తలయెత్తినది. దీనికి మగ్గముయొక్క చరిత్రమే కొంత సమాధానము చెప్పునని మా యభిప్రాయము.

పూర్వము ఫ్రాన్సు దేశపు పట్టుమగ్గము ప్రక్కన నొక బాలుడు నిలిచి, అల్లికకు వలసిన త్రాళ్లను లాగుచుండెడివాడు. 1804 లో లియాన్ నగరవాసి జకార్డు ఆ పనిని రంధ్రములు గల అట్టల కప్పగించెను. 1843 లో ఆడా లవ్‌లేసు బాబేజి గణనయంత్రమును వివరించుచు ఈ మగ్గముతోడనే పోల్చినది. కావున గణకయంత్రమునకు నేత పరాయిది కాదు, పుట్టినింటి చుట్టమే. అయినను అట్టలకు రంధ్రములు పొడుచుటకు ముందు ఎవరో యొకరు గళ్లకాగితముపై ఆకృతిని వ్రాయవలసియుండెను. యంత్రము మోసినది జ్ఞాపకమును మాత్రమే.

తెలుగునాట ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము గలదు. పోచంపల్లి చీరకు పోగులను ముడిచి రంగు లద్దుటకు ముందు ఆసు పోయవలెను. ఒక్క చీరకు వేలకొలది పర్యాయములు చేయి ఆడింపవలసి, స్త్రీల భుజములు పడిపోయెడివి. తల్లి బాధను చూడలేక చింతకింది మల్లేశం 1999 లో ఆసుయంత్రమును నిర్మించెను. 2017 లో పద్మశ్రీ నందెను. ఆ యంత్రము శ్రమను తీసికొన్నది, అలంకరణము జోలికి పోలేదు.

2022 నుండి జనసామాన్యమున కందిన చిత్రకల్పక యంత్రముల తీరు దీనికి తలక్రిందులు. నాలుగు మాటలు చెప్పినంతనే అవి అంచునకు పది నమూనాలు గీసియిచ్చును. గుంటలో కాళ్లుంచి తొక్కు శ్రమ మాత్రము నేతగానికే మిగులును. 1970 తరువాతి దశకమున హెరాల్డ్ కోహెన్ తన 'ఆరన్' యంత్రచిత్రకారునికి నేర్పినవి తాను స్వయముగా కూర్చిన నియమములు. దానిని ఆయన శిష్యుడనవచ్చును. నేటి యంత్రములో, అసంఖ్యాకుల చిత్రములను వారి పేర్లెత్తకయే అభ్యసించినవి.

కళాబోధనలో మాకు గల శంక యిదియే. గళ్లకాగితముపై అంచును వ్రాయు విద్యార్థి, ఒక్కొక్క గడిని నింపుచు, ఏ పోగు లేచునో, ఏది దిగునో, జరీ ఎన్ని పోగులపై తేలినచో తగులుకొని తెగునో గ్రహించును. యంత్రము గీసిన బొమ్మలో ఆ లెక్క యుండదు. కనుక బొమ్మను గళ్లలోనికి మార్చు పనినైనను విద్యార్థిచేతనే చేయింపవలెను. పదింటిలో మగ్గము పట్టని నమూనాలను కారణము చెప్పి త్రోసివేయుట వానికి పరీక్షగా నుంచవలెను.

అంచు ఎవరి సొత్తను విచారణ వేఱు. మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు లభించినది. అది ఊరి పేరును కాపాడును గాని, ఆ అంచును మొదట ఊహించినవాని పేరు చెప్పదు.